చెయ్యెత్తితే ఆపాలి

"గట్టిగా పట్టుకోండమ్మా, అస్సలు కదలనివ్వకండి" అన్నాడు పళ్ళ డాక్టరు.

పట్టుకున్నాను. పట్టుకోవడం నాకు అలవాటైన పనే. ఆ వాలు కుర్చీలో నేను వెల్లకిలా పడుకుంటే నా మీద మా పిల్ల. దాని కాళ్ళు నా మోకాళ్ళ మధ్య, దాని మణికట్లు రెండూ నా పిడికిళ్ళలో. తల కదలకుండా పట్టుకోవడానికి ఆ క్లినిక్కులో పనిచేసే అమ్మాయి. మొహం మీద పెద్ద లైటు. ఆరేళ్ళ పిల్లని పెద్దవాళ్ళం ముగ్గురం అలా బిగించి పట్టుకుంటే, అది "అమ్మా, వదులు! అమ్మా, నువ్వు వదులు!" అని ఒకటే అరుపు. డాక్టర్ని వదలమనలేదు, ఆ అమ్మాయిని వదలమనలేదు. నన్నే అడిగింది. నేను వదల్లేదు.

అంతకుముందు దారి పొడుగునా దానికి నేను చెప్పింది ఒకటే మాట. "ఏమీ చెయ్యరే పిచ్చీ, ఊరికే పళ్ళు లెక్కపెట్టి పంపేస్తారు" అని. ఆ మాట నాది కాదు, మా ఆయనది. పొద్దున నా చేత షర్టు ఇస్త్రీ చేయించుకుంటూ, "సూది అన్నావంటే అది గుమ్మం దాటదు. ఏదో ఒకటి చెప్పి లాక్కెళ్ళు" అన్నాడు. సరే, అబద్ధం ఆయనది, నోరు నాది. డాక్టరు చేతిలో సూది కనపడగానే పిల్ల మెడ తిప్పి ఆయన్ని కాదు, నన్ను చూసింది. చూసి, తర్వాత డాక్టరు వేలు కొరికింది. ఆయన "అబ్బా!" అని వేలు విదిలించుకుని, "ఇంట్లో గారాబం బాగా ఎక్కువైనట్టుందే" అన్నాడు. పిల్లతో కాదు, నాతో. నేను సారీ చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలీదు. సారీ అనే మాట నా నోటి చివర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, ఎవరికి ఏం తగిలినా జారిపడుతుంది.

ఇంట్లో దాన్ని పిడుగు అంటాం. సోఫా మీంచి దూకడం, కర్టెను పట్టుకుని ఊగడం, మాటకి మాట అప్పజెప్పడం. ఆ రోజు ఇంటికొచ్చిన పిడుగు కిక్కురుమనలేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది. మణికట్ల మీద నా వేళ్ళ అచ్చులు ఎర్రగా ఉన్నాయి. నూనె రాద్దామని దగ్గరికెళ్తే ఇంకా గోడలోకి నొక్కుకుపోయింది. ఆ మర్నాటి నుంచి గౌను బొత్తాలు తనే పెట్టుకోవడం మొదలెట్టింది, వంకరటింకరగా. రోడ్డు దాటేటప్పుడు చెయ్యి ఇమ్మంటే నా బ్యాగు పట్టుకుంది, చెయ్యి ఇవ్వలేదు. పళ్ళు పుచ్చితే బాగుచేసే వాళ్ళున్నారు. ఇది బాగుచేసే వాళ్ళెవరని నాకు బెంగ పట్టుకుంది.

"తల్లి సరిగ్గా చూసుకుంటే పాల పళ్ళు పుచ్చుతాయా?" అన్నాడు మా ఆయన. నేను పొద్దునా రాత్రీ దాని నోరు తెరిపించి, పాట పాడి, బుజ్జగించి, బతిమాలి బ్రష్ చేయిస్తాను. నేను ఆఫీసుకెళ్ళాక అత్తయ్య దాని నోట్లో చాక్లెట్టు పెట్టి టీవీ ముందు కూచోబెడుతుంది. సాయంత్రం ఆయన వస్తూ వస్తూ జేబులో ఇంకోటి తెస్తాడు, "మా నాన్న మంచోడు" అనిపించుకోవడానికి. మంచితనం వాళ్ళది, పుచ్చుపళ్ళు నావి. ఒకసారి ఆ మాటే పైకి అన్నాను. ఆయన ఒంటికాలి మీద లేచాడు. "మా అమ్మని అంటున్నావా? ముసలావిడ నీ పిల్లని చూస్తుంటేనేగా నువ్వు ఉద్యోగమని ఊరేగుతున్నది? ఆ లిఫ్టుల్లో ఇరుక్కున్న వాళ్ళని ఓదార్చడం మాని ఇంట్లో ఉండి పిల్లని చూసుకో, అన్నీ చక్కబడతాయి."

నా ఉద్యోగం అదే. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఫోన్ల దగ్గర కూచుంటాను. లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలున్నవాళ్ళు ఎర్ర బొత్తాం నొక్కుతారు, ఆ గొంతు నా చెవిలోకి వస్తుంది. ఏడ్చేవాళ్ళు, బూతులు తిట్టేవాళ్ళు, ఊపిరాడట్లేదని తలుపు బాదేవాళ్ళు. "అయిదు నిమిషాల్లో మనిషి వస్తాడని చెప్పు" అనేది మా సూపర్వైజరు నేర్పించిన పాఠం. ఎంతసేపు పట్టినా సరే, అయిదు నిమిషాలే. మొదట్లో నేనూ అలాగే చెప్పేదాన్ని. ఆరో నిమిషంలో వాళ్ళ గొంతు మారిపోయేది. ఇంకేం చెప్పినా వినేవాళ్ళు కాదు. అందుకే మెల్లగా సూపర్వైజరుకి వినపడకుండా నిజమే చెప్పడం మొదలెట్టాను. "మా మనిషి ఇప్పుడే బయల్దేరాడు, ట్రాఫిక్కులో ఉన్నాడు, ఆలస్యం అవుతుంది. లోపలికి గాలి వస్తూనే ఉంటుంది. వచ్చాక ముందు పైన చప్పుడవుతుంది, తర్వాత లిఫ్టు ఒక్కసారి కుదుపు ఇస్తుంది, భయపడకండి" అని. ఎవరో ముక్కూ మొహం తెలియని వాళ్ళకి ఇంత పద్ధతిగా నిజం చెప్పే మనిషిని, నా కడుపున పుట్టినదానికి మాత్రం పళ్ళు లెక్కపెడతారని చెప్పి సూది కింద పడుకోబెట్టాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు పన్ను బాగుచెయ్యడం కుదరనే లేదు, నొప్పి వచ్చి పోతూ ఉంది. పిల్ల ఒకవైపే నమిలేది, తల కొంచెం పక్కకి వంచి. ఇక లాభం లేదని, ఆఫీసులో నా పక్క సీటు ఆవిడ చెప్పిన ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. చిన్నపిల్లల పళ్ళే చూసే డాక్టరమ్మ. నెరిసిన జుట్టు, మోకాళ్ళ నొప్పులనుకుంటా, మూలుగుతూనే నేల మీద కూచుంది, పిల్ల కుర్చీ కింద దూరి ఉంది మరి. అక్కణ్ణుంచే నోట్లోకి టార్చి వేసి చూసింది. కింది దవడలో రెండు పళ్ళు బాగా లోపలికి పుచ్చాయంది. నేను అలవాటు కొద్దీ, "నేను గట్టిగా పట్టుకుంటానండీ" అన్నాను.

"పట్టుకోవడం నా దగ్గర ఉండదమ్మా" అందావిడ. "భయపడే పిల్లలకి వేరే దారులున్నాయి. ముక్కుకి చిన్న తొడుగు పెట్టి ఒక గాలి పీల్పిస్తాం. మెలకువగానే ఉంటారు, మనం మాట్లాడితే వింటారు, కాస్త తేలిగ్గా ఉంటుంది అంతే. తొడుగు తీసేశాక కాసేపటికి మామూలైపోతారు. అది సరిపోకపోతే తాగే మందు ఉంది, మగతగా పడుకుంటారు, తర్వాత చాలాసేపు ఇక్కడే కనిపెట్టుకుని ఉండాలి. అదీ కాదంటే పూర్తి మత్తు. దానికి మత్తు డాక్టరు పక్కనే ఉండి ఊపిరీ గుండే చూసుకోవాలి, కానీ పని మొత్తం ఒకేసారి అయిపోతుంది. ఏది గొప్పదని కాదు, ఏ పిల్లకి ఏది అని."

ముక్కు తొడుగు చూపించడానికి చెయ్యి చాపిందో లేదో, పిల్ల కుర్చీ కింద నుంచి తలుపు దాకా పరిగెత్తి గడియ పట్టుకుని వేళ్ళాడింది. డాక్టరమ్మ తల పంకించింది. "ఈ పరిస్థితుల్లో గాలి పీల్చదు. పూర్తి మత్తే నయమేమో. ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి" అంది.

ఇంట్లో మాట్లాడుకోవడం అంటే ఏమిటో ఆవిడకేం తెలుసు!

"మత్తా? ఆరేళ్ళ పిల్లకి మత్తా? పాలపన్ను కోసం?" అని ఆయన టీవీ గొంతు తగ్గించాడు, అంత పెద్ద విషయం అన్నమాట. "రేపు చదువులో మొద్దు అయితే ఎవరు బాధ్యులు? అసలా డాక్టర్లంతా దొంగలు. నువ్వేమో ఎవరేం చెప్పినా తలూపి వస్తావు." అత్తయ్య అందుకుంది. "మా రోజుల్లో పంటికి దారం కట్టి, రెండో కొస తలుపుకి కట్టి, ఒక్క లాగు. అంతే! నీ మొగుణ్ణి అడుగు, వీడికీ అలాగే పీకాను." ఆయన గర్వంగా నవ్వాడు. ఆయన దవడ పన్ను ఒకటి విరిగి ఏళ్ళయింది. వేడి టీ తగిలితే మెలికలు తిరిగిపోతాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే టైము లేదంటాడు. ఎందుకు లేదో నాకు ఆ తలుపు కథ విన్న రోజే అర్థమైంది, కానీ అనలేదు. అంటే మళ్ళీ ఎవరు ఓదార్చాలి? నేనే.

మూడు దారుల గురించీ నిదానంగా చెప్పాను, డాక్టరమ్మ చెప్పిన జాగ్రత్తలన్నీ చెప్పాను. వినలేదు. వారం తిరక్కుండా, ఒకరోజు క్రికెట్టు చూస్తుంటే పిల్ల నొప్పని ఏడ్చింది. ఆట చివర్లో ఉంది. అంతే, "అబ్బబ్బా, ఆ పూర్తి మత్తేదో ఇప్పించేసెయ్, ఒక్కరోజుతో పీడా వదులుతుంది!" అన్నాడు. మత్తిస్తే మొద్దవుతుందన్న పెద్దమనిషి ఈయనే. ఆయన అభిప్రాయాలు ఎప్పుడూ అంతే, ఏ వైపు ఆయనకి పని తక్కువో ఆ వైపు వాలతాయి.

ఆఫీసులో సెలవు అడిగాను. "మళ్ళీ పిల్ల పళ్ళేనా? మీ ఇంట్లో ఇంకెవరూ లేరా?" అన్నాడు సూపర్వైజరు, అందరూ వినేలా. ఉన్నారు మహానుభావా, చాలామంది ఉన్నారు, అందుకేగా నాకీ తిప్పలు అనుకున్నాను. పైకి, ఆదివారం వచ్చి పనిచేస్తానన్నాను. ఈ లోపల మా ఆయన కూడా సగం రోజు సెలవు పెట్టాడు. ఆ సగం రోజు సంగతి ఊరంతటికీ తెలిసింది. వాళ్ళక్కకి ఫోన్లో చెప్పాడు, పక్కింటాయనకి చెప్పాడు, నాకు రోజూ చెప్పాడు. నేను పెట్టిన సెలవుల మాట ఎవరికీ తెలియదు.

మత్తు ఇచ్చే రోజు పిల్ల కడుపు ఖాళీగా ఉండాలి. మంచినీళ్ళు ఎప్పటిదాకా ఇవ్వచ్చో క్లినిక్కు వాళ్ళు ఫోన్ చేసి చెప్పారు, పాలు, తిండి మాత్రం అసలు వద్దన్నారు. మత్తులో ఉండగా కడుపులోది పైకి తన్నితే ఊపిరితిత్తుల్లోకి పోతుందట, ప్రాణాపాయమట. ఇదంతా అత్తయ్యకి చెవినిల్లు కట్టుకుని చెప్పాను. ముందు రోజు చెప్పాను, పొద్దున లేవగానే చెప్పాను. "నాకు తెలీదా ఏంటమ్మా, నేనేమన్నా చంటిపిల్లనా" అంది. వంటింట్లో డబ్బాలన్నీ పై అరలోకి ఎక్కించి, స్నానానికి వెళ్ళాను. ఎంతసేపని, నెత్తి మీద నీళ్ళు పోసుకుని వచ్చాను.

క్లినిక్కులో గోడకి చేపల బొమ్మలు. మా ఆయన ఫోను చూసుకుంటూ మాటిమాటికీ గడియారం కేసి చూస్తున్నాడు. పిల్ల మా ఇద్దరికీ మధ్య కూచుని కాళ్ళూపుతోంది. ఉన్నట్టుండి నా చెవి దగ్గరికి వచ్చింది. ఆ కుర్చీ రోజు తర్వాత అది నా దగ్గరికి తనంత తాను రావడం అదే మొదటిసారి.

"అమ్మా, ఒకటి చెబితే నానమ్మని తిట్టవుగా?"

"తిట్టను."

"నానమ్మ పాలల్లో బిస్కెట్లు ముంచి పెట్టింది. నీకు చెప్పొద్దంది."

నేను పళ్ళు లెక్కపెడతారని అబద్ధం చెప్పినదాన్ని. అయినా అది నాకు నిజం చెప్పింది. నేను చెప్పదగిన మనిషినేమోనని ఇంకా ఒక ఆశ ఉన్నట్టుంది దానికి. మా ఆయన వైపు వంగి సంగతి చెప్పాను. ఆయన ఫోను మీంచి తలెత్తలేదు. "రెండు బిస్కెట్లేగా. ఎప్పుడో అరిగిపోయి ఉంటాయి."

"ఇంటి దగ్గర బయల్దేరే ముందు తిన్నదండీ."

"ఇప్పుడు అది చెబితే వాయిదా వేస్తారు. నేను సెలవు పెట్టుకుని వచ్చాను, తెలుసా నీకు? నోరు మూసుకుని కూచో. డాక్టర్లు అన్నీ ఎక్కువ చేసి చెబుతారు."

అప్పుడే నర్సు వచ్చింది, చేతిలో అట్ట పట్టుకుని. "పాప ఏమీ తినలేదుగా?" అని అడిగింది. ఆయన్ని చూసే అడిగింది. ఆయన "లేదండీ" అన్నాడు, ఎంత మామూలుగానో, టైమెంతయిందంటే చెప్పినట్టు. పిల్ల నన్ను చూసింది. మెడ తిప్పి, ఆ రోజు కుర్చీలో చూసినట్టే.

"తిన్నది" అన్నాను. "పాలు, బిస్కెట్లు. బయల్దేరే ముందే."

నా గొంతు అంత పెద్దగా వస్తుందని నేనే అనుకోలేదు. చేపల బొమ్మల కింద కూచున్న వాళ్ళంతా తిరిగి చూశారు. మా ఆయన మొహం ఎర్రబడింది. నర్సు లోపలికి వెళ్ళింది, డాక్టరమ్మా మత్తు డాక్టరూ ఇద్దరూ బయటికి వచ్చారు. "ఇవాళ చెయ్యం" అన్నాడు మత్తు డాక్టరు. నా వైపు తిరిగి, "చెప్పి చాలా మంచి పని చేశారమ్మా" అన్నాడు. ఎవరైనా నన్ను మెచ్చుకుని ఎన్నాళ్ళయిందో. ఏడుపు ముంచుకొచ్చింది, చీదుకుంటున్నట్టు నటించాను.

ఆయన కారు తాళాలు గలగలలాడించుకుంటూ లేచాడు. "నా సెలవు గంగలో కలిపావు. ఆటో ఎక్కి ఇంటికి పో" అని వెళ్ళిపోయాడు. ఆయన పోయాక డాక్టరమ్మ నా పక్కన కూచుంది. "పాప మీతో నిజం చెప్పిందంటే, కాస్త ఓపిక పడితే ఆ గాలి కూడా పీలుస్తుందేమో. ప్రయత్నిద్దామా?" అంది. ఒక కొత్త ముక్కు తొడుగు తెచ్చి పిల్ల ఒళ్ళో పెట్టింది. "ఇది నీదే. ఇంటికి తీసుకుపో. అమ్మకి పెట్టు, బొమ్మకి పెట్టు, బుద్ధి పుడితే నువ్వూ పెట్టుకో. ఇంకో సంగతి విను. నేను పని చేస్తున్నప్పుడు నీకు నొప్పి వచ్చినా, భయమేసినా, ఊరికే విసుగొచ్చినా, ఎడమ చెయ్యి ఎత్తు. నువ్వు చెయ్యెత్తితే నేను ఆపాలి. అది మన రూలు." పిల్ల తొడుగుని వాసన చూసింది. ఇంటిదాకా దాన్ని వదల్లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో జరగాల్సిందంతా జరిగింది. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పసిపిల్ల ఆకలితో మొహం వేలాడేసుకుంటే నా ప్రాణం ఒప్పిందా? నేనేమన్నా విషం పెట్టానా?" అని. ఆయన, "నలుగురిలో మొగుణ్ణి అబద్ధాలకోరుని చేశావు. ఆ నోరేదో మూసుకుని ఉంటే ఈపాటికి అయిపోయేది" అని. అయిపోయేదండీ, నిజమే. ఏం అయిపోయేదో అడగాలనిపించింది. ఎవరూ నా మాట పూర్తి కానివ్వలేదు. నేను "అది కాదండీ" అని మొదలెట్టినప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి గొంతు పెంచారు. ఎప్పుడూ అంతే. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో నా వాక్యాలన్నీ "అది కాదండీ" దగ్గర మొదలై "అది కాదండీ" దగ్గరే ఆగిపోయాయి. చివరికి లేచి గిన్నెలు కడుక్కున్నాను, ఎలాగూ అవి నావే కాబట్టి.

మర్నాటి నుంచి రోజూ ఆఫీసు నుంచి రాగానే మా పిల్లా నేనూ పళ్ళ డాక్టరు ఆట ఆడుకున్నాం. ముందు దానికి ఒక మాట చెప్పాను. "ఆ రోజు ఊరికే లెక్కపెడతారని చెప్పాను చూడు, అది అబద్ధం. ఇంకెప్పుడూ చెప్పను. ఈసారి సూది ఉంటుంది. నొప్పి ఉంటుంది, కాసేపే, గట్టిగా గిల్లినట్టు. తర్వాత దవడ మొద్దుబారి లావైపోయినట్టు అనిపిస్తుంది, కానీ లావవదు." వంటింట్లోంచి అత్తయ్య విని, "పిల్లని ఊరికే ఎందుకమ్మా హడలగొడతావు" అంది. పిల్ల మాత్రం కళ్ళార్పకుండా వింది. "ఎంత గట్టిగా గిల్లినట్టు?" అని అడిగింది. నా చెయ్యి నేనే గిల్లుకుని చూపించాను. "ఇంతేనా?" అంది. "నాకు తెలీదు, కొంచెం ఎక్కువ కూడా ఉండచ్చు" అన్నాను. ఆ జవాబు దానికి నచ్చినట్టుంది, పక్కకి జరిగి నాకు ఆనుకుని కూచుంది.

ఆటలో అదే డాక్టరు. నన్ను సోఫా మీద పడుకోబెట్టి, ముక్కుకి తొడుగు పెట్టి, చెంచాతో నా పళ్ళు గీకేది. "నొప్పొస్తే చెయ్యెత్తాలి, తెలిసిందా? అరవకూడదు. ఎత్తితే నేను ఆపేస్తా." ఒకసారి చెంచా నిజంగానే చిగుళ్ళకి తగిలింది. చెయ్యెత్తాను. ఠక్కున ఆగిపోయింది. చెంచా గాలిలోనే ఉంది. "ఏమైంది? నొప్పా? చెప్పు, వింటున్నా" అంది. నేను నోరు తెరుచుకుని అలాగే పడుకుని ఉండిపోయాను. నా పెళ్ళయ్యాక నేను చెయ్యెత్తితే ఆగి, ఏమైందని అడిగిన మొదటి మనిషి ఆరేళ్ళ నా కూతురు. "నొప్పేం లేదురా, ఊరికే" అన్నాను. "ఊరికే ఐనా సరే ఎత్తచ్చు, డాక్టరమ్మ చెప్పింది" అని మళ్ళీ పనిలో పడింది.

డాక్టరమ్మ రమ్మన్న రోజు మధ్యాహ్నం మేమిద్దరమే వెళ్ళాం. గాలి పీల్చే వైద్యానికి అంత కటిక ఉపవాసం అక్కర్లేదు, తేలిగ్గా ఏదైనా పెట్టి తీసుకురమ్మన్నారు. అత్తయ్య చేతికే పాలూ బ్రెడ్డు ముక్కా ఇచ్చి పెట్టమన్నాను. ఆవిడ నన్నోసారి అనుమానంగా చూసి పెట్టింది. క్లినిక్కులో పిల్ల తనంత తానే కుర్చీ ఎక్కింది. నన్ను పక్కన స్టూలు మీద కూచోమంది. తొడుగు తనే పెట్టుకుంది. కాసేపటికి దాని కాలి వేళ్ళు సడలాయి. "అమ్మా, కుర్చీ పడవలా ఉంది" అంది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. వాటితో ఏం చెయ్యాలో తోచలేదు.

డాక్టరమ్మ అద్దం నోట్లో పెట్టగానే పిల్ల చెయ్యెత్తింది. ఆవిడ ఆపింది. "నొప్పా?" అంటే కాదని తలూపింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ ఎత్తింది. మళ్ళీ ఆపింది. నాకు సిగ్గేసింది, నోటి చివర సారీ వచ్చేసింది. డాక్టరమ్మ నా కేసి చూసి వద్దన్నట్టు తలూపింది. "చూసుకోనివ్వండి. రూలు నిజమో కాదో తేల్చుకుంటోంది" అంది. మూడోసారి ఎత్తి, ఆపాక, పిల్ల తొడుగు కింద నవ్వింది. ఆ తర్వాత సూది వేసేటప్పుడు కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు కారాయి కానీ చెయ్యి ఎత్తలేదు. ఎత్తకుండా, పక్కకి చాపింది, నా వైపు. నేను అందుకున్నాను. ఈసారి పట్టుకున్నది అది.

ఒక పన్ను ఆ రోజే అయిపోయింది. రెండోదానికి వచ్చే వారం రమ్మన్నారు. పిల్ల మొద్దుబారిన మూతి వేలితో నొక్కుకుంటూ, దారంతా నా చెయ్యి పట్టుకుని గెంతుకుంటూ నడిచింది.

సాయంత్రం అందరం భోజనాలకి కూచున్నాం. అందరం అంటే వాళ్ళు కూచున్నారు, నేను వడ్డిస్తున్నాను. ఆయన పిల్ల నోరు తెరిపించి చూసి, "చూశావా, ఏమీ లేదుగా! మీ అమ్మే సూది, నొప్పి అని నిన్ను ఊరికే హడలగొట్టింది. నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను, మంచి డాక్టరు దగ్గరికి వెళ్తే అంతా తేలిక అని" అన్నాడు. అత్తయ్య, "వాడికి ముందే తెలుసు" అంది. ఆయన నా వైపు తిరిగాడు. "సర్లే, అయిందేదో అయింది. నేనూ అమ్మా ఒక నిర్ణయానికి వచ్చాం. వచ్చే వారం మళ్ళీ పళ్ళంటావు, మళ్ళీ సెలవంటావు. ఎందుకొచ్చిన గొడవ? ఈ నెలాఖరుకి ఆ ఉద్యోగం మానేసెయ్. ఫోన్లో కూచుని ఊళ్ళోవాళ్ళ ఏడుపులు వినే ఉద్యోగం, అదీ ఒక ఉద్యోగమేనా? ఇంట్లో ఉంటే పిల్లకీ..."

"అది కాదండీ" అన్నాను.

"నువ్వాగు, ముందు నన్ను చెప్పనీ. పిల్లకీ మంచిది, అమ్మకీ ఈ వయసులో..."

గరిటె గిన్నెలో పెట్టాను. నా చెయ్యి లేచింది. నేను ఆలోచించి ఎత్తలేదు, దానంతట అదే లేచింది. ఎడమ చెయ్యి, భుజం దాటి, పైకి. ఆయన దాన్ని ఒకసారి చూసి, దోమని తోలుకుంటున్నానేమో అనుకున్నట్టు, మాట్లాడుతూనే ఉన్నాడు. అత్తయ్య తల ఊపుతూనే ఉంది. నేను చెయ్యి దించలేదు. నొప్పి పుట్టింది, అయినా దించలేదు. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడూ ఎత్తలేనని తెలుస్తూనే ఉంది.

మా పిల్ల నమలడం ఆపింది. నన్ను చూసింది, నా చేతిని చూసింది. కుర్చీ మీద మోకాళ్ళ మీద లేచి, ఇంకా పూర్తిగా మొద్దు వదలని మూతితోనే, ఇల్లంతా వినపడేలా అంది.

"నాన్నా, ఆపు. అమ్మ చెయ్యెత్తింది."